నక్షత్రం కింద కోళ్ళగూడు

జనవరి 29

మే నెలలో మంచు కరిగి ఓడ వచ్చినప్పుడు ఈ పుస్తకాన్ని ఓడవాళ్ళ చేతికివ్వాలి. అది నియమం. మా తర్వాత వచ్చే గోదావరి లంకలవాళ్ళు దీన్ని చదివి, ఈ ఉత్తరపు నేల మీద ఎలా బతకాలో నేర్చుకుంటారట. అది తలుచుకుని, సెప్టెంబరు నుంచి ఉన్న పేజీలు చించెయ్యాలని నిన్న చెయ్యి వేశాను. నా భార్య దీనమ్మ చూసింది.

"చించండి. పొయ్యిలోకి పనికొస్తాయి. చేసింది మాత్రం ఆ మంటకి కాలదండోయ్," అంది.

చించలేదు. అప్పుడు రాసింది రాసినట్టే ఉంచాను. ఇప్పుడు చెప్పవలసింది ఆయా పేజీల కిందనే చేరుస్తున్నాను.

నా పేరు ఎలీషా. వేడినీళ్ళ పైపులు బాగుచేయడం నా పని. ప్రసంగం ఎక్కడా నేర్చుకోలేదు, ఎవరూ నా తల మీద చెయ్యి ఉంచి సేవకు పంపలేదు. మా గోదావరి లంకలు సముద్రంలో కలిసిపోయాక పదకొండేళ్ళు శిబిరంలో ఉన్నాం. అక్కడ నా చేతికి దొరికిన పుస్తకం ఒక్కటే, జిప్పు ఊడిపోయిన బైబిలు. దాన్ని ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ చదివాను. గొంతు పెద్దది. పెద్ద గొంతు ఉన్నవాడికి దేవుడు దగ్గరివాడని జనం అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

సెప్టెంబరు 21

మేము మే నెలలో ఇక్కడ దిగాం. జూన్‌లో సూర్యుడు రాత్రి పదకొండింటికి గానీ కిందికి దిగేవాడు కాదు. ఇంటికి పది చొప్పున ఇచ్చిన కోళ్ళు రోజూ గుడ్లు పెట్టాయి. బిందెల్లో పెట్టుకున్నాం, టోపీల్లో మోసుకున్నాం. ఇదే మన కనాను, దేవుడు మాటిచ్చిన దేశం అని చెప్పాను.

ఈ నెలలో గుడ్లు తగ్గిపోయాయి. ఏ గూడు చూసినా దిండు చింపినట్టు ఈకలు. ఎలుకలేమోనని గూళ్ళ కింద తవ్వారు. తెగులేమోనని వాము, మిరియాలు నూరి పోశారు. మా లంకల్లో కోడి గుడ్డు మానేసిందంటే ముసలిదైనా అయి ఉండాలి, పొదుగుకైనా కూర్చుని ఉండాలి. శీతాకాలం అంటే మాకు పొద్దున్నే ఒక దుప్పటి, అంతే. సంక్రాంతికైనా శివరాత్రికైనా గుడ్డు గుడ్డే.

జనానికి ధైర్యం కోసం ఈ రోజు ప్రార్థన మందిరం గోడ మీద క్రిస్మస్ నక్షత్రం కట్టాను. మా లంకల్లో అయితే డిసెంబరు మొదటి వారంలో కట్టేవాళ్ళం. ఇక్కడ రెండున్నర నెలలు ముందే కట్టాను. పైపు ముక్కలతో నిలువెత్తు చట్రం, దాని మీద ఎర్ర కాగితం, లోపల పది ఇళ్ళ దీపాలకు సమానమైన పెద్ద బల్బు. ఇంటికి రోజుకు నాలుగు గంటలే వెలుతురు వాటా. దేవుని దీపానికి వాటా లేదని ఊరి పెద్ద జక్కరయ్యగారిని ఒప్పించాను. తెల్లవారుజామున నాలుగు నుంచి పొద్దు పొడిచేదాకా, పొద్దు గుంకినప్పటి నుంచి తొమ్మిదిదాకా నక్షత్రం వెలుగుతుంది. దాని కిందనే మా కోళ్ళగూడు.

*జనవరిలో చేర్చిన మాట:* చివరి వాక్యాన్ని నేనే నా చేత్తో రాశాను. నాలుగు నెలలు అది ఈ పుస్తకంలోనే ఉంది. నేను చదవలేదు.

అక్టోబరు 1

నలభై ఇళ్ళలో ఇప్పుడు గుడ్లు పెడుతున్నవి రెండే గూళ్ళు. ఒకటి మాది, ఒకటి తబితక్కది. సాయంత్రం మందిరంలో నలభై రోజుల ఉపవాసం ప్రకటించాను. ఈ నలభై రోజులూ ఊరి కచేరీలోని సలహాపెట్టెను ఎవరూ ఏమీ అడగకూడదని మొక్కు పెట్టించాను. ఏది అడిగినా నోరు తెరిచి జవాబు చెప్పే పెట్టె అది. దేవుణ్ని అడగవలసింది యంత్రాన్ని అడిగితే దేవుడికి ఎలా ఉంటుంది?

తబితక్క లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి, ఒంటరిది. శిబిరానికి రాకముందు పంతొమ్మిదేళ్ళు కోళ్ళఫారంలో గుడ్లు ఏరింది.

"ఎలీషా తమ్ముడూ, ఒక్క మాట. కోడికి పొద్దు..."

"పొద్దు పొడిపించేది ఎవరక్కా?" అన్నాను.

"దేవుడేననుకో. నేననేది..."

"దేవుడే! విన్నారా? అక్క నోటితోనే వచ్చింది!"

అందరూ స్తోత్రం అన్నారు. అక్క కూర్చుంది.

ఆ తర్వాత ఆకాను కథ చెప్పాను. ఒక్కడు, ఒకే ఒక్కడు, దొంగ సొత్తు తెచ్చి తన గుడారంలో పాతిపెట్టుకుంటే ఇశ్రాయేలు దండంతా శత్రువుకు వీపు చూపించి పారిపోయింది. మన పాళెంలోనూ ఎవరో ఏదో పాతిపెట్టారు! ఏ గుడారంలో పాపముందో కోళ్ళకు తెలుసు, కోళ్ళు సాక్ష్యం చెబుతున్నాయి! అన్నాను. బల్ల మీద గుద్దితే చెయ్యి వాచింది. మా గూట్లో ఈ రోజు ఏడు గుడ్లు.

నవంబరు 9

ఉపవాసం ముగిసింది. దేవుడు దొంగను బయటపెట్టాడు.

మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతోంది. పైపు చూడ్డానికి మూడో వరుసలోకి వెళ్తే తబితక్క ఇల్లు చీకటిగా ఉంది. వెనక కోళ్ళగూడు మాత్రం కిటికీలా వెలుగుతోంది. జక్కరయ్యగారినీ ఇంకో పదిమందినీ పిలుచుకొచ్చాను.

అక్క గూటి ముందు పీట మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది.

"ఈ వెలుతురు ఎక్కడిదక్కా?"

"నాదే తమ్ముడూ. నా నాలుగ్గంటలూ వీటికే ఇచ్చేశాను. పొద్దున్న రెండు, సాయంత్రం రెండు. నాకెందుకు, చీకట్లో కూడా అన్నం నోట్లోకే పోతుంది."

ఒకరిద్దరు నవ్వారు. నాకు కోపం వచ్చింది. నేను మాట్లాడుతున్నప్పుడు జనం ఇంకొకరి మాటకు నవ్వకూడదు.

"కోళ్ళ కోసం చీకట్లో కూర్చునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? పెద్ద తీగ నుంచి లాగుతున్నావు. ఊరి వెలుతురు దొంగిలించి గూట్లో దాచావు!"

"తీగ చూసుకోండి, కొలత చూసుకోండి. ఫారంలో మేం ఇలాగేనండి..."

"దీపాన్ని కుంచం కింద పెట్టరని ప్రభువు చెప్పాడు! దీపం ఉండవలసింది దీపస్తంభం మీద! కోళ్ళగూట్లో కాదు!"

నా గొంతు ముందు ఆమె గొంతు వినపడలేదు. తీగ ఎవరూ చూడలేదు, కొలతా చూడలేదు. ఆమెను వెలి వేయాలని, ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని, శాపగ్రస్తమైన ఆ తొమ్మిది కోళ్ళనూ కోసి, తినకుండా ఊరికి వేడినీళ్ళు కాచే కొలిమిలో వేయాలని తీర్పు చెప్పాను. జక్కరయ్యగారు తల గోక్కుని సరే అన్నారు.

కెజియా పరుగెత్తుకొచ్చింది. మూడు వారాల బాలింత, మొహంలో నెత్తురు లేదు. రోజూ గుడ్డు తినకపోతే పాలు పడవని డాక్టరమ్మ చెప్పింది.

"అయ్యగారూ, చంపకండయ్యా. నాకు రోజూ గుడ్డు ఆ పెద్దమ్మేనండి ఇచ్చేది."

"ఇకనుంచి నీ గుడ్డు నీతిమంతుడి ఇంటి నుంచి వస్తుంది," అన్నాను.

తొమ్మిదింటినీ నేనే కోశాను. కొలిమిలో వేసేముందు దీనమ్మ ఒకదాని పొట్ట చీల్చింది. లోపల సొనలు గుత్తిగా ఉన్నాయి, నిమ్మకాయంతది ఒకటి, దాని వెనక ఉసిరికాయంతది, రేగుపండంతది, అలా ఆవగింజ దాకా.

"శాపం తగిలిన కోడి కడుపులో ఇన్ని గుడ్లేంటండీ?" అంది.

సాతాను మాయ అన్నాను.

*జనవరిలో చేర్చిన మాట:* ఆ రోజు తబితక్క ఏడవలేదు. కత్తి కడుక్కోమని నాకు చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. "తీసుకోండి అయ్యగారూ," అంది. అంతవరకు నన్ను తమ్ముడూ అనే పిలిచేది. ఊరంతా అయ్యగారూ అంటుంటే ఆమె ఒక్కతే తమ్ముడూ అంటోందని నాకు లోపల గుర్రుగా ఉండేది. కాబట్టి ఆ పిలుపు విని, దేవుడా నన్ను క్షమించు, సంతోషించాను.

డిసెంబరు 25

రోజుకు ఐదున్నర గంటలే పగలు. ఊళ్ళో మా గూడు ఒక్కటే గుడ్లు పెడుతోంది. పండగ ప్రసంగంలో ఆ మాట చెప్పాను, రెండుసార్లు. రోజూ రెండు గుడ్లు కెజియాకు ఇస్తున్నాను. మిగతావి చెడిపోకుండా దీనమ్మ బూడిద కుండలో దాచింది. గుడ్డు పెట్టని కోళ్ళను ఎందుకు మేపడం, కోసుకు తిందాం అని జనం అడుగుతున్నారు. పాపం ఒప్పుకోని ఇళ్ళలో కోళ్ళు పెట్టవు, మీ ఇష్టం అన్నాను.

జనవరి 6

ఆనవాయితీ ప్రకారం నక్షత్రం దింపాను. కాగితం మడిచి, చట్రం మందిరం వెనక పెట్టాను.

జనవరి 17

పైపుల పని. ఆరో వరుసలో మంచు కట్టింది.

*జనవరిలో చేర్చిన మాట:* ఆ రోజు అంతే రాశాను. రాయనిది ఇది. పద్నాలుగున మా గూట్లో మూడు గుడ్లు, పదిహేనున ఒకటి, పదహారున లేదు, పదిహేడున లేదు. గూటి నిండా ఈకలు. ఏ గుడారంలో పాపముందో కోళ్ళకు తెలుసని బల్ల గుద్దింది నేనే. ఇప్పుడు కోళ్ళు నా మీదే సాక్ష్యం చెబుతున్నాయి. మోకాళ్ళ మీద పడి ఆ పాపమేదో వెతికాను. చిన్నప్పుడు దొంగిలించిన మామిడికాయల దాకా ఒప్పుకున్నాను. కోళ్ళు ఒప్పుకోలేదు.

అప్పుడైనా లేచి ఊరికి చెప్పాలి కదా! చెప్పలేదు. బూడిద కుండలోంచి నవంబరు గుడ్లు తీశాను. బూడిద తుడిచాను. కెజియా ముట్టుకుంటే ఇప్పుడే పెట్టినట్టు ఉండాలని వేడినీళ్ళ పైపు మీద గుడ్డ పరిచి వాటిని వెచ్చబెట్టాను. ఎంతసేపు పెడితే కోడి ఒంటి వెచ్చదనం వస్తుందో నాకు బాగా తెలుసు. పైపుల వాణ్ణి. ఎనిమిది రోజులు అలా చేశాను. గుడారంలో పాతిపెట్టిన ఆకాను ఎవడో చదివేవాడికి నేను చెప్పక్కర్లేదు.

జనవరి 24

దీన్ని ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఉదయం పదింటికి రెండు గుడ్లు జేబులో వేసుకుని కెజియా ఇంటికి వెళ్ళాను. తలుపు తోస్తే, వెలివేసిన తబితక్క పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. కెజియా మొహం పాలిపోయింది.

"తప్పే అయ్యగారూ. వీడికి నలుగు పెట్టడం నాకు రాదండి. పెద్దమ్మ ఈ రెండున్నర నెలల్నుంచీ దొడ్డిదారిన వస్తోంది."

నేను నోరు తెరిచాను. నా నోటికి వాక్యం ఎప్పుడూ తడుముకోకుండా వస్తుంది. అంతలో కెజియా భయంతో నా చేతిలోంచి గుడ్లు అందుకుని, "వెచ్చగా ఉన్నాయండి, దేవుడికి స్తోత్రం," అంది.

"ఏదీ, ఇలా ఇయ్యి," అంది తబితక్క.

ఒకటి తీసుకుని చెవి దగ్గర ఆడించింది. పసివాణ్ణి తువ్వాల్లో చుట్టి తల్లికిచ్చి, మిగిలిన స్నానం నీళ్ళలో ఆ గుడ్డు వదిలింది. బెండులా పైకి తేలింది. రెండోదీ తేలింది.

"రెండు నెలల పైమాటే. మురిగి ఉంటుంది. నిన్న మొన్న నీకు కడుపులో తిప్పుతోందన్నావు కదే?"

"అవునే పెద్దమ్మా. పాలు కూడా తగ్గినాయి. గుడ్డు వాసనొస్తోందని అయ్యగారితో ఎలా అంటానే?"

తబితక్క నా వైపు తిరిగింది. కోపం లేదు. ఫారంలో పంతొమ్మిదేళ్ళు గుడ్లు ఏరిన మనిషి గుడ్డును చూసినట్టు నన్ను చూసింది.

"పైపు మీద పెట్టారా అయ్యగారూ?"

తల ఊపాను.

"కోళ్ళు ఎప్పుడు మానేశాయి?"

"పదహారున."

"నక్షత్రం ఎప్పుడు దింపారు?"

"ఆరున."

"మరే," అంది. "పది రోజులు. ఫారంలో కరెంటు పోతే ఇంతే పట్టేది. కోడికి పన్నెండు పద్నాలుగు గంటల పొద్దు ఉండాలండి. తగ్గితే గుడ్డు మానేసి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. చలికి కాదు, పాపానికీ కాదు. అక్టోబరులోనే చెబుదామని లేచాను."

నాతాను ప్రవక్త దావీదు రాజుకు, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను కాజేసినవాడి కథ చెప్పినప్పుడు రాజుకు దొంగ మీద ఎంత కోపం వచ్చిందో నేను ఎన్నోసార్లు అభినయించి చూపించాను. ఆ మనిషివి నువ్వే అని ప్రవక్త వేలు చూపించే చోట నా వేలు ఎప్పుడూ జనం వైపు ఉండేది. ఈ రోజు ఆ వేలు ఎటు తిరిగిందో నాకు తెలిసింది. తబితక్క చూపించలేదు. తువ్వాలు పిండుతోంది.

మా కోళ్ళు పెట్టింది నా నీతికి కాదు, నక్షత్రంలోని బల్బుకు. చీకట్లో కూర్చుని తన వెలుతురు పంచిన మనిషిని దొంగ అన్నాను. ఊరి వెలుతురు గంటలకు గంటలు నా గూటి మీద కురిపించుకుని, నన్ను నేను నీతిమంతుడన్నాను. 

జనవరి 26

మందిరంలో ఊరందరి ముందు చెప్పాను. నక్షత్రం సంగతి, బూడిద కుండ సంగతి, పైపు సంగతి. గొంతు ఎత్తకుండా చెప్పడం నాకు అలవాటు లేదు, వెనక వరుసకు వినపడలేదని మళ్ళీ చెప్పించారు. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ముందు వరుసలో ఎవరో స్తోత్రం అన్నారు. "ఎంత తగ్గింపు! ఇలాంటి దైవజనుడు ఎక్కడుంటాడు!" అని ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు. నా తప్పు కూడా నాకు పూలదండే అయింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

దీనమ్మ లేచింది. "ఆపండర్రా మీ స్తోత్రాలు. ఈయన గొంతు తగ్గితే తగ్గింపా? ఆవిడ రెండున్నర నెలలు మాట్లాడే దిక్కు లేకుండా ఉంది. ఆవిడెక్కడుందో ఒక్కరైనా తలతిప్పి చూశారా?"

తబితక్క చివర తలుపు దగ్గర చెప్పుల పక్కన నిలబడి ఉంది.

జక్కరయ్యగారు ఏ ఇల్లు ఎంత వాడిందో చూపే వెలుతురు కొలతల పట్టీ తెరిచి చదివారు. తబితక్క ఏ రోజూ నాలుగు గంటలు దాటి ఒక్క నిమిషం వాడలేదు. ఆ తర్వాత సలహాపెట్టెను అడిగారు. మొక్కు నవంబరులోనే తీరిపోయినా అది అడగాలని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. పెట్టె అర నిమిషంలో చెప్పింది. తబితక్క చెప్పిన మాటే, కాస్త అందమైన తెలుగులో.

నేను ఆమె దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను.

"క్షమాపణలు తర్వాతండి అయ్యగారూ. ఊళ్ళో బతికున్న కోళ్ళెన్ని?"

కోసుకు తిన్నవి పోగా నూట ముప్పై.

"ఒక్కదాన్ని కూడా ఇంక కోయకండి. మానేసిన కోడి చెడిపోలేదు, అలిసిపోయింది. అన్నిటినీ ఇక్కడికి తోలుకురండి."

"ఇక్కడికా? మందిరంలోకా?" జక్కరయ్యగారు అదిరిపడ్డారు.

"వాటా లేని దీపం ఊళ్ళో ఇదొక్కటే కదండీ. మనం చీకట్లో కూడా ప్రార్థన చేసుకోవచ్చు. కోడి చీకట్లో గుడ్డు పెట్టదండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. నేను నక్షత్రం తెచ్చాను. ఎర్ర కాగితం తీసేసి ఉత్త బల్బు లోపల దూలానికి కట్టాను. నేను గుద్దిన బల్ల ఇప్పుడు కోళ్ళు ఎక్కి కూర్చునే దండె.

ఫిబ్రవరి 19

ఇరవై నాలుగు రోజులుగా దీపం వేసేదీ ఆర్పేదీ నేనే. పెంట ఎత్తేదీ నేనే. ఈ పని నాకు ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ప్రసంగం మాత్రం చెయ్యడం లేదు. అడిగితే గొంతు బాగాలేదంటున్నాను. అదీ అబద్ధమే. గొంతు బాగానే ఉంది. దాని మీద నాకు నమ్మకం పోయింది.

కెజియాకు ఇప్పుడు ఇంటింటి నుంచి చారెడు పప్పు వెళ్తోంది. పసివాడు బరువు పెరగడం లేదు. రోజూ వెళ్ళి ఆ గుమ్మం ముందు మంచు తీసి వస్తాను. లోపలికి వెళ్ళను.

ఈ రోజు ఉదయం పొద్దు పొడిచాక పెంట ఎత్తుతుంటే బల్ల కింద, వాక్యపుస్తకాలు పెట్టే అరలో ఒక పెట్ట లేచి అరిచింది. అది లేచిన చోట ఒక గుడ్డు. చిన్నది, కొంచెం నెత్తుటి చార. పేతురు ప్రభువును ఎరగనని బొంకినప్పుడు కోడి కూసిందట, వాడు బయటికి వెళ్ళి ఏడ్చాడట. అది పుంజు. నన్ను ఏడిపించడానికి పెట్ట సరిపోయింది.

గుడ్డు తీసుకున్నాను. అరచేతిలో వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని కెజియా ఇంటికి పరుగెత్తబోతే, తలుపు దగ్గర నూకల బుట్టతో తబితక్క ఎదురైంది. గుడ్డును చూసింది, నన్ను చూసింది.

"ఎక్కడికి?"

"కెజియాకి. ఇప్పుడే పెట్టింది, వెచ్చగా ఉంది."

నా నోటివెంట వచ్చాక ఆ మాట నాకే వినిపించింది. చెవులు కాలిపోయాయి.

అక్క బుట్ట కింద పెట్టింది. నవ్వూ కాదు కోపమూ కాదు, అలా ఒక గీత ఆమె పెదవి చివర కదిలింది.

"చల్లారాక తీసుకెళ్ళు తమ్ముడూ," అంది. "నీ చేతిలో వెచ్చగా ఉంటే ఆ పిల్ల భయపడుద్ది."

తలుపు పక్కన, మంచు పట్టిన మెట్టు మీద గుడ్డు పెట్టి, అది చల్లబడేదాకా దాని పక్కనే కూర్చున్నాను.